అమెరికా కాంగ్రెస్ ఎన్నికల్లో మీ ఓటుకు బరువు ఎక్కడ: ప్రైమరీలోనా, నవంబర్‌లోనా?

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లలో చాలామంది అధ్యక్ష ఎన్నికలకు తప్పకుండా వెళ్తారు. మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలను మాత్రం "ఈసారికి వదిలేద్దాంలే" అనుకుంటారు. వాటికి కొన్ని నెలల ముందు, పార్టీ టికెట్ ఎవరికో తేల్చడానికి జరిగే ప్రైమరీల సంగతి చాలామందికి గుర్తు కూడా ఉండదు. 2026 నవంబర్ 3న ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో 35 స్థానాలకూ ఎన్నికలు. ఫలానా పార్టీకి వేయండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఏ ఎన్నికకు వెళ్లాలి, ఏ పార్టీ బ్యాలెట్ తీసుకోవాలి, అభ్యర్థిని దేన్ని బట్టి ఎంచుకోవాలి అన్నవి పోల్చి చూసుకోవడానికి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండింటికీ వెళ్లాలి. కానీ ఒక్కదానికే తీరిక ఉందంటే, ఎక్కువ నియోజకవర్గాల్లో ప్రైమరీకి వెళ్లడమే మేలు.

కాంగ్రెస్ చేతిలో ఏముంది, అధ్యక్షుడి చేతిలో ఏముంది

ఇది తేలకుండా అభ్యర్థులను పోల్చడం దండగ. మనకు బాగా తగిలే రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది, ఇంటికి పంపే డబ్బు మీద పన్ను. 2025లో పన్నుల బిల్లు తయారవుతున్నప్పుడు, పౌరులు కానివాళ్లు విదేశాలకు పంపే డబ్బు మీద 5 శాతం పన్ను ప్రతిపాదించారు. ప్రతినిధుల సభ దాన్ని 3.5 శాతానికి దించి, మే 22న బిల్లును 215-214తో పాస్ చేసింది. ఒక్క ఓటు తేడా. గుంటూరులో ఉన్న నాన్న ఆపరేషన్‌కి పదివేల డాలర్లు పంపితే 350 డాలర్లు పన్నుకే పోయేవన్నమాట. బిల్లు సెనేట్‌కు వెళ్లాక ఆ పన్ను 1 శాతానికి దిగింది. అది కూడా నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ ఇచ్చి పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు పన్ను లేదు. సెనేట్‌లో ఓట్లు 50-50 కావడంతో ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో బిల్లు గట్టెక్కింది. 2026 జనవరి 1 నుంచి ఈ పన్ను అమల్లోకి వచ్చింది. ఇదంతా కాంగ్రెస్‌లో జరిగిందే. సభలో ఒక అంకె, సెనేట్‌లో ఇంకో అంకె. మీ జేబులోంచి ఎంత పోవాలో తేల్చింది ఈ సభ్యులే.

రెండోది గ్రీన్ కార్డు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది చట్టం. అధ్యక్షుడు ఎవరైనా దాన్ని సంతకంతో మార్చలేడు. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో పాసైంది. రెండు పార్టీలవాళ్లూ ఓటేశారు. సెనేట్‌లో ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే ముందుకెళ్లే దారి పట్టడంతో, ఒక సభ్యుడు అభ్యంతరం చెబితే చాలు, ఆగిపోయేది. అలా ఆగుతూ ఆగుతూ 2020 డిసెంబర్ 2న మార్పులతో సెనేట్‌లోనూ పాసైంది. కానీ సభ పాస్ చేసిన రూపం వేరు, సెనేట్ పాస్ చేసిన రూపం వేరు. రెంటినీ కలిపేలోగా ఆ కాంగ్రెస్ రెండేళ్ల గడువు అయిపోయి బిల్లు చచ్చిపోయింది. అప్పట్లో గ్రీన్ కార్డు లైన్లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇంకా లైన్లోనే ఉన్నారు.

అధ్యక్షుడు ఒక్కడే చేయగలిగినవి వేరే ఉన్నాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టింది అధ్యక్షుడి ప్రకటన. హెచ్-4 మీద ఉన్న భార్యాభర్తలకు పని అనుమతి 2015లో వచ్చింది ప్రభుత్వ శాఖ నిబంధనతో, కాంగ్రెస్ చట్టంతో కాదు. కాబట్టి సభకు పోటీ చేసే అభ్యర్థి "వీసా స్టాంపింగ్ స్లాట్లు తెప్పిస్తా" అంటే పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. "7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లుకు మద్దతిస్తావా, లేదా?" అని అడగండి. ఔననో కాదనో చెప్పక తప్పని ప్రశ్న అది.

సభ, సెనేట్

ప్రతినిధుల సభ స్థానం ప్రతి రెండేళ్లకూ ఎన్నికకు వస్తుంది. సగటున 7,60,000 మంది జనాభాకు ఒక సభ్యుడు. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు, రాష్ట్రానికి ఇద్దరు. 2026లో కాలిఫోర్నియా, న్యూయార్క్, పెన్సిల్వేనియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో సెనేట్ ఎన్నిక లేదు. టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ, వర్జీనియా, ఇల్లినాయ్, మిషిగన్, నార్త్ కరోలినాల్లో ఉంది. జార్జియా, మిషిగన్, నార్త్ కరోలినా హోరాహోరీ రాష్ట్రాలుగా పేరుపడ్డవి. ఆ రాష్ట్రాల్లోని ఆల్ఫరెటాలోనో, నోవైలోనో, కేరీలోనో ఉంటున్న మనవాళ్ల నవంబర్ ఓటుకు దేశంలో అందరి ఓటు కంటే విలువెక్కువ. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2021 జనవరి 5న జార్జియా రనాఫ్‌లో (ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య పెట్టే రెండో విడత) జాన్ ఆసాఫ్ సుమారు 55,000 ఓట్ల తేడాతో గెలిచాడు. అదే రోజు రఫాయెల్ వార్నాక్ కూడా గెలిచాడు. ఆ రెండు స్థానాలతో సెనేట్ ఆధిపత్యమే చేతులు మారింది.

సెనేట్‌లో మామూలు బిల్లుకు 60 ఓట్లు కావాలి. పైన చెప్పిన పన్నుల బిల్లు ప్రత్యేకమైన బడ్జెట్ దారిలో వెళ్లింది కాబట్టి దానికి ఆ అవసరం రాలేదు. 53 మంది ఉన్న పార్టీ కూడా అవతలివాళ్లను ఒప్పించక తప్పదు. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడింది ఈ లెక్క కుదరకే. అందుకని సెనేట్ అభ్యర్థిలో నేను చూసేది అవతలి పార్టీతో కూర్చుని మాట్లాడగలడా అన్నది. సభ అభ్యర్థిలో చూసేది స్థానికంగా పనిచేస్తాడా అన్నది.

నవంబర్ కంటే ప్రైమరీ ఎందుకు

మన ఊళ్లో టికెట్ ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది. ఇక్కడ టికెట్ ఇచ్చేది ఓటర్లే, దానికోసం జరిగేదే ప్రైమరీ. 435 డిస్ట్రిక్టుల్లో (నియోజకవర్గాల్లో) నవంబర్‌లో నిజంగా పోటీ ఉండేవి కొన్ని డజన్లే. మిగిలినవి ఏళ్ల తరబడి ఒకే పార్టీవి. అక్కడ టికెట్ గెలిచినవాడు దాదాపు సభ్యుడైపోయినట్టే. అయినా ప్రైమరీకి వచ్చేవాళ్లు తక్కువ.

2018లో న్యూయార్క్ 14వ డిస్ట్రిక్ట్‌లో జో క్రౌలీ అనే సీనియర్ డెమొక్రాట్‌ను అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించింది. క్రౌలీ సభలో పార్టీ పెద్దల్లో ఒకడు. ఆ ప్రైమరీలో పడిన మొత్తం ఓట్లు 30,000 లోపే. అంతకు నాలుగేళ్ల ముందు, 2014లో, వర్జీనియా 7వ డిస్ట్రిక్ట్‌లో సభా మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓడిపోయాడు. అక్కడ పడినవి సుమారు 65,000 ఓట్లు. ఏడు లక్షల మంది జనాభాలో 65,000. మనవాళ్లు రెండు మూడు వేల మంది ఒక సబ్‌డివిజన్‌లో (ఇళ్ల కాలనీలో), దాని పక్క సబ్‌డివిజన్‌లో ఉండే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ ఓట్లు నవంబర్‌లో పడితే లెక్కలో కలిసిపోతాయి. ప్రైమరీలో పడితే అభ్యర్థి ఫోన్ చేసి మరీ మాట్లాడతాడు.

పోటీ ఉన్న డిస్ట్రిక్ట్ అయితే మాట వేరు, అక్కడ నవంబర్‌దే పైచేయి. మీది ఏ రకమో తెలియాలంటే గత రెండు మూడు ఎన్నికల ఫలితాలు చూస్తే చాలు. ప్రతిసారీ 20 శాతం తేడాతో ఒకే పార్టీ గెలుస్తుంటే అసలు ఆట ప్రైమరీలోనే.

అయితే పాత ఫలితాలు చూసేముందు మీ డిస్ట్రిక్ట్ నంబర్ సరిచూసుకోండి. 2025లో టెక్సస్ తన డిస్ట్రిక్టుల సరిహద్దులు తిరగరాసింది, ఆ కొత్త మ్యాప్‌ను వాడుకోవచ్చని సుప్రీం కోర్టు డిసెంబర్‌లో చెప్పింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబర్‌లో ప్రాపొజిషన్ 50 అనే ప్రతిపాదనను ఆమోదించి తమ మ్యాప్ మార్చుకున్నారు. మిస్సోరి, నార్త్ కరోలినా, ఒహాయో కూడా మార్చాయి. ఇల్లు మారకపోయినా మీ సభ్యుడు మారి ఉండొచ్చు. కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే తెలిసిపోతుంది.

ఏ పార్టీ ప్రైమరీ: మీ రాష్ట్రాన్ని బట్టి

అందరూ తికమకపడేది ఇక్కడే. రాష్ట్రానికో పద్ధతి.

టెక్సస్‌లో ఓటరు నమోదు ఫారంలో పార్టీ అడగరు. మార్చిలో పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఐడీ ఇవ్వగానే డెస్క్ దగ్గర మనిషి "ఏ పార్టీ ప్రైమరీ?" అని అడుగుతాడు. మొదటిసారి వెళ్లినవాళ్లు అక్కడ తడబడతారు. వెనక లైన్లో ఆఫీసువాళ్లు, ఎదురింటివాళ్లు. పైకి చెప్పాలంటే మొహమాటం, తప్పు చెబితే ఇక జన్మంతా ఆ పార్టీయేనేమో అన్న టెన్షన్. అంత భయం అక్కర్లేదు. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే, మేలో జరిగే రనాఫ్‌లో ఆ పార్టీకే కట్టుబడాలి, అంతే. నవంబర్‌లో ఎవరికైనా వేసుకోవచ్చు. రెండేళ్ల తర్వాత వచ్చే ప్రైమరీలో అవతలి బ్యాలెట్ అయినా తీసుకోవచ్చు. మీరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది మాత్రం పబ్లిక్ రికార్డు. ఎవరికి వేశారన్నది ఎప్పటికీ రహస్యమే. ఆ రికార్డు చూసే ఆ పార్టీవాళ్లు మెసేజ్‌లతో ఫోన్ నింపేస్తారు. అది భరించాల్సిందే.

జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్‌లలోనూ ఆ రోజే పార్టీని ఎంచుకోవచ్చు. మిషిగన్‌లో రెండు పార్టీల కాలమ్‌లు ఒకే బ్యాలెట్ మీద ఇస్తారు. ఏదో ఒక్క కాలమ్‌లోనే వేయాలి. రెండింటిలోనూ వేస్తే ఆ ప్రైమరీ ఓట్లు చెల్లవు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పి పంపాలి.

న్యూజెర్సీలో పార్టీ లేకుండా నమోదైనవాళ్లు ప్రైమరీ రోజు ఏదో ఒక పార్టీని ఎంచుకుని ఓటేయొచ్చు. ఆ తర్వాత ఆ పార్టీ పేరు రికార్డులో ఉండిపోతుంది. అవతలి పార్టీకి మారాలంటే వచ్చే ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. ఇక్కడ ఇంకో మంచి మార్పు వచ్చింది. ఇదివరకు కౌంటీ పార్టీ పెద్దలు మెచ్చినవాళ్లందరినీ బ్యాలెట్ మీద ఒకే వరసలో పెట్టేవారు, మిగిలినవాళ్లు ఏదో మూలకు పోయేవారు. ఆండీ కిమ్ సెనేట్‌కు పోటీ చేస్తూ దీనిమీద కోర్టుకు వెళ్లాడు. 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి ఆ పద్ధతిని ఆపేశాడు. ఎడిసన్‌లో ఉండే ఓటరుకు ఇప్పుడు ప్రైమరీ బ్యాలెట్ మీద నిజమైన ఎంపిక ఉంది.

న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, మేరీలాండ్‌లు మూసిన తలుపుల ప్రైమరీలు. పార్టీలో నమోదు కాకపోతే ఆ పార్టీ ప్రైమరీలో అడుగే పెట్టనివ్వరు. పౌరసత్వ ప్రమాణం అయిన రోజే ఓటరు ఫారం నింపుతూ, ఏ గొడవా లేకుండా ఉంటుందని "ఏ పార్టీ లేదు" అన్న గడిలో టిక్ పెట్టేవాళ్లు మనలో ఎక్కువ. ఈ రాష్ట్రాల్లో ఆ టిక్ ఖరీదు మీ ప్రైమరీ ఓటు. న్యూయార్క్‌లో అయితే ఫిబ్రవరి 14 తర్వాత పార్టీ మార్చుకుంటే జూన్ ప్రైమరీకి పనికిరాదు. అందుకని ఈ నాలుగు చోట్ల ఉంటే ఏదో ఒక పార్టీలో నమోదు కావడమే మంచిదని నా మాట. నమోదు అంటే చందా కాదు, సభ్యత్వ రుసుమూ కాదు.

మరి ఏ పార్టీ? మీ మనసు ఒక పార్టీ మీద గట్టిగా ఉంటే ఇక ఆలోచించేదేముంది. అటూ ఇటూ కాకుండా ఉన్నవాళ్లు మాత్రం తమ డిస్ట్రిక్ట్‌లో ఎప్పుడూ గెలిచే పార్టీ ప్రైమరీకి వెళ్లాలి. డాలస్ ఉత్తర శివార్లలోని రిపబ్లికన్ డిస్ట్రిక్ట్‌లో ఉండి డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటేస్తే, చివరికి గెలిచే మనిషిని ఎంచుకోవడంలో మీ పాత్ర లేనట్టే. వలసల మీద విషం కక్కేవాడు, ఇంజనీర్లు రావాలనేవాడు ఒకే పార్టీ టికెట్ కోసం పోటీ పడుతుంటారు. వాళ్లిద్దరిలో ఎవరో తేల్చేది ఆ ప్రైమరీయే. జెర్సీ సిటీలో ఉంటే ఇదే లెక్క డెమొక్రాట్ల వైపు వర్తిస్తుంది. అవతలి పార్టీలో బలహీనుడిని గెలిపించి నవంబర్‌లో ఓడిద్దామని వెళ్లేవాళ్లు కూడా ఉంటారు. ఆ పని చేయకండి. ఆ బలహీనుడే ఒక్కోసారి గెలిచి మీకు సభ్యుడై కూర్చుంటాడు.

కాలిఫోర్నియా, వాషింగ్టన్‌ల దారి వేరు. అన్ని పార్టీలవాళ్లూ ఒకే ప్రైమరీ బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరూ నవంబర్‌కు వెళ్తారు, ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా సరే. ఫ్రీమాంట్, సన్నీవేల్, క్యూపర్టినోలు ఉన్న 17వ డిస్ట్రిక్ట్‌లో 2014 నవంబర్‌లో మైక్ హోండా మీద రో ఖన్నా ఓడాడు, 2016 నవంబర్‌లో అదే హోండా మీద గెలిచాడు. ఇద్దరూ డెమొక్రాట్లే. అలాంటి చోట రిపబ్లికన్ ఓటరు కూడా నవంబర్‌లో ఇంట్లో కూర్చోకూడదు. ఇద్దరిలో తనకు నయమనిపించినవాడిని గెలిపించే బలం అతని ఓటుకే ఉంటుంది.

నచ్చినవాడికా, గెలవగలిగినవాడికా

దీనికి జవాబు కూడా రాష్ట్రాన్ని బట్టే మారుతుంది. టెక్సస్, జార్జియాల్లో సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రనాఫ్ పెడతారు. కాబట్టి మొదటి విడతలో మనసుకు నచ్చినవాడికి నిశ్చింతగా వేయొచ్చు, రెండో విడతలో సర్దుకోవచ్చు. చాలా రాష్ట్రాల్లో రనాఫ్ ఉండదు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా టికెట్ అతనిదే. వర్జీనియా 10వ డిస్ట్రిక్ట్‌లో, యాష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్లు కిక్కిరిసి ఉండే చోట, 2024 డెమొక్రటిక్ ప్రైమరీలో 12 మంది నిలబడ్డారు. భారతీయ మూలాలున్న సుహాస్ సుబ్రమణ్యం సుమారు 30 శాతంతో టికెట్ గెలిచి, నవంబర్‌లోనూ గెలిచాడు. డెట్రాయిట్‌లోని మిషిగన్ 13వ డిస్ట్రిక్ట్‌లో 2022లో తొమ్మిది మందిలో శ్రీ థానేదార్ సుమారు 28 శాతంతో నెగ్గాడు. పది మంది ఉన్నచోట మీకు నచ్చినవాడు ఆరో స్థానంలో ఉన్నాడని సర్వేలు చెబుతుంటే, మొదటి ముగ్గురిలో మీకు దగ్గరివాడు ఎవరో చూసుకుని వేయడం తెలివైన పని.

కాలిఫోర్నియాలో ఓట్లు చీలితే ఇంకా ప్రమాదం. 2012లో శాన్ బెర్నార్డినో ప్రాంతంలోని 31వ డిస్ట్రిక్ట్ అదే ఏడాది ఒబామా గెలిచిన చోటు. అక్కడ నలుగురు డెమొక్రాట్లు నిలబడి ఓట్లు పంచుకోవడంతో నవంబర్‌కు ఇద్దరు రిపబ్లికన్లు మిగిలారు. డెమొక్రాట్ ఓటరుకు బ్యాలెట్ మీద తన పార్టీవాడే లేడు.

మనవాడా, మన పని చేసేవాడా

తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నికల చర్చ ఎక్కువసార్లు ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మనవాళ్లు నిలబడాలి, గెలవాలి, నాకూ ఆ కోరిక ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్ 6వ డిస్ట్రిక్ట్ డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేసి, కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టిన డేవిడ్ ట్రోన్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. రాష్ట్ర శాసనసభలో ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి ఆమె. అలాంటివాళ్లకు ప్రైమరీలోనే మన ఓట్లు కావాలి, నవంబర్ దాకా ఆగితే వాళ్ల పేరే బ్యాలెట్ మీద ఉండదు.

కానీ పేరు ఒక్కటే చూస్తే నష్టపోతాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆయన పోవడంతో ఆయన భార్యకు ఈ దేశంలో ఉండే హక్కే పోయే పరిస్థితి వచ్చింది. ఆమెకు సాయంగా నిలబడినవాడు ఆ డిస్ట్రిక్ట్ రిపబ్లికన్ సభ్యుడు కెవిన్ యోడర్. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును కూడా ఆ కాంగ్రెస్‌లో ముందుండి నడిపాడు. ఆయనకు భారతీయ మూలాల్లేవు. 2018 నవంబర్‌లో ఓడిపోయాడు. తర్వాతి కాంగ్రెస్‌లో 365 ఓట్లతో పాసైన బిల్లును పెట్టింది కాలిఫోర్నియా డెమొక్రాట్ జో లాఫ్‌గ్రెన్, కొలరాడో రిపబ్లికన్ కెన్ బక్ కలిసి. మన సమస్యను భుజాన వేసుకున్నవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, వాళ్ల ఇంటిపేర్లు మన ఇంటిపేర్లు కావు.

ఇప్పుడున్న సభ్యుడినే ఉంచాలా, కొత్తవాడికి ఇవ్వాలా అన్నప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఏ కమిటీలో ఉన్నాడు. వలస చట్టాలు జ్యుడీషియరీ కమిటీ నుంచి రావాలి, పన్నులు వేస్ అండ్ మీన్స్ నుంచి. ఆ కమిటీల్లో సీనియారిటీ ఉన్న సభ్యుడిని తేలిగ్గా వదులుకోకూడదు. రెండోది, ఆయన స్థానిక ఆఫీసు పనితీరు. వర్క్ పర్మిట్ నెలల తరబడి కదలకపోతే, పాస్‌పోర్ట్ ఎక్కడో ఇరుక్కుంటే, సభ్యుడి ఆఫీసులో కేస్‌వర్కర్ చేత ప్రభుత్వ శాఖను అడిగించవచ్చు. దానికి పౌరసత్వం కూడా అక్కర్లేదు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు. అనుమతి ఫారం మీద సంతకం చేసి ఇవ్వాలి. కొన్ని ఆఫీసులు వారంలో జవాబిస్తాయి, కొన్ని ఆటోమేటిక్ ఈమెయిల్ పంపి ఊరుకుంటాయి. మీ అపార్ట్‌మెంట్లో ఇలాంటి అవసరం పడ్డవాళ్లను అడిగితే, టీవీ ప్రకటనల కంటే ఆ సభ్యుడి గురించి ఎక్కువ తెలుస్తుంది. ఏ బిల్లుకు ఎలా ఓటేశాడో కాంగ్రెస్ డాట్ గవ్‌లో, ఎవరు డబ్బిచ్చారో ఎఫ్ఈసీ డాట్ గవ్‌లో ఉంటాయి.

పోస్టులోనా, ముందుగానా, ఆ రోజేనా

ముందస్తు పోలింగే నయం. లైన్లు తక్కువ, ఏదైనా తేడా వస్తే దిద్దుకోవడానికి రోజులు మిగులుతాయి. మనవాళ్లకు ఆ తేడా వచ్చేది పేర్లలోనే. వెంకట సత్యనారాయణ అన్న పేరులో సగం లైసెన్స్ మీద మొదటి పేరుగా, మిగతా సగం మధ్య పేరుగా ఉంటుంది. ఓటరు జాబితాలో ఇంకోలా పడుతుంది. టెక్సస్‌లో రెండు పేర్లూ దగ్గరగా ఉంటే అక్కడే ఒక ధ్రువీకరణ మీద సంతకం చేయించుకుని ఓటేయనిస్తారు. వెనక్కి పంపితే ఒప్పుకోకండి. పర్యవేక్షకుడిని పిలవమనండి.

కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో బ్యాలెట్ అందరికీ ఇంటికే వస్తుంది. టెక్సస్‌లో పోస్టు బ్యాలెట్ 65 ఏళ్లు నిండినవాళ్లకు, అనారోగ్యం ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని కారణాలకే, అదీ దరఖాస్తు పెట్టుకుంటేనే. పెన్సిల్వేనియాలో లోపలి రహస్య కవర్ మర్చిపోతే ఓటు పోతుంది. పోస్టులో వేసేవాళ్లు సంతకం విషయంలో జాగ్రత్త. లైసెన్స్ మీద పొడిగా ఇంగ్లిష్ సంతకం, కవర్ మీద ఇంటర్లో నేర్చుకున్న గొలుసుకట్టు సంతకం ఉంటే పక్కన పెడతారు. కౌంటీ నుంచి దిద్దుకోమని ఉత్తరం వస్తే ఆ రోజే పని చూసుకోండి.

ఓటు హక్కు ఇంకా రానివాళ్లకు

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు కావద్దు, పొరపాటున కూడా. లైసెన్స్ ఆఫీసులో కౌంటర్ మీద మనిషి ఓటరు నమోదు గురించి మామూలుగా అడుగుతాడు. అడిగాడు కదా అని అమ్మానాన్నలు తలూపితే, తర్వాత పౌరసత్వ దరఖాస్తుకే కాదు, దేశంలో ఉండటానికే ముప్పు. వాళ్లను తీసుకెళ్లేటప్పుడు పక్కనే ఉండండి.

గ్రీన్ కార్డుతో అభ్యర్థికి చందా ఇవ్వడం మాత్రం చట్టబద్ధమే. 2025-26కి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు పరిమితి. ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబర్ ఇంకోటి. నా లెక్కలో ప్రైమరీ ముందు ఇచ్చే 200 డాలర్లు, అక్టోబర్ చివర్లో ఇచ్చే వెయ్యి కంటే ఎక్కువ పనిచేస్తాయి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. పౌరసత్వం ఉన్న స్నేహితుడికి డబ్బిచ్చి అతని పేరు మీద ఇప్పించడం నేరం. అభ్యర్థి పెట్టే విందుకు టికెట్ కొనడం కూడా చందా కిందికే వస్తుంది.

ఈ వీసాల మీద ఉన్నవాళ్లు చేయగలిగిన పని వేరే ఉంది. జీతం తీసుకోకుండా ప్రచారంలో వాలంటీరుగా పనిచేయొచ్చు. ఇల్లిల్లూ తిరగొచ్చు, తెలుగు పేరున్న ఓటర్లకు తెలుగులో ఫోన్ చేయొచ్చు. ఖర్చుల నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు. ప్రైమరీ ప్రచారాలకు మనుషుల కొరత ఎక్కువ. రెండు శనివారాలు వెళ్లి కూర్చుంటే అభ్యర్థితో నేరుగా మాట్లాడే అవకాశం దొరుకుతుంది. గ్రీన్ కార్డుల 7 శాతం పరిమితి గురించి అప్పుడే అడగండి.